జేబు చాకుకు కొమ్ము పిడిచెక్కలు అమర్చుకోవడం, పనిముట్లను మన పనికి తగ్గట్టు మలచుకోవడం

పర్లాకిమిడిలో కొమ్ము పనివారి వాకిళ్ళ ముందు నడుస్తున్నప్పుడు కాలిన వెంట్రుకల వాసన వచ్చిందంటే, లోపల ఎవరో గేదె కొమ్మును రంపంతో కోస్తున్నారని గానీ, ఆకురాయితో అరగదీస్తున్నారని గానీ అర్థం. పక్షి బొమ్మలు, దువ్వెనలు చేయగా మిగిలిన ముక్కలు ఆ ఇళ్ళలో ఒక మూల పోగుపడి ఉంటాయి. వాటిలో అరచేతి పొడవున్న పలకలు రెండు దొరికితే, పిడి పగిలి సొరుగులో పడి ఉన్న జేబు చాకును మళ్ళీ జేబులోకి తెచ్చుకోవచ్చు. నేను ఇళ్ళకు వైరింగు చేసే మనిషిని, కొమ్ము పనివాణ్ణి కాను. అయినా ఇప్పటికి నా చాకుకూ మా వాళ్ళ చాకులకూ కలిపి అరడజనుకు పైగా పిడిచెక్కలు చేశాను గనుక, వాటిలో సరిగ్గా కుదిరినవాటినీ చెడిపోయినవాటినీ గుర్తుపెట్టుకొని ఈ పద్ధతి రాస్తున్నాను. ఈ పనిలో నునుపు, మెరుపు చివరి గంటలో వచ్చేవే. పిడిచెక్క నిలుస్తుందా ఊడుతుందా అన్నది ఎవరికీ కనబడని లోపలి ముఖం మీద ఆధారపడుతుంది. అందుకే ఆ భాగాన్ని కొంచెం విస్తరించి చెబుతాను.

ఇక్కడి కొలతలన్నీ స్విస్ చాకులు చేసే విక్టోరినాక్స్ వారి 91 మిల్లీమీటర్ల చాకుకు సంబంధించినవి. లెదర్‌మన్ రకపు పట్టకారు చాకుల పిడులు ఉక్కుతో చేసి స్క్రూలతో బిగించినవి కాబట్టి వాటి పద్ధతి పూర్తిగా వేరు. మీ దగ్గర ఉన్నది సంతలో కొన్న నకిలీ చాకు అయినా దాన్ని పారేయకండి, మొదటి ప్రయత్నానికి అంతకంటే మంచి వస్తువు ఉండదు. అసలు చాకును మార్చిన తరువాత దాని మీద తయారీదారు ఇచ్చిన హామీ వర్తించదని ముందే తెలుసుకొని పనికి దిగండి.

పాత చెక్కలు ఊడదీయడం

ముందు పిడిలో దూర్చి ఉండే చిమటాను, పళ్ళ పుల్లను బయటికి లాగి ఒక అగ్గిపెట్టెలో వేసి పెట్టుకోండి. ఆ తరువాత అన్ని పనిముట్లనూ మూసి, వేరే పలుచని బ్లేడును పిడి చివర ప్లాస్టిక్ చెక్కకూ దాని కింది లోహపు రేకుకూ మధ్య దూర్చి, మెల్లగా మెలితిప్పుతూ ముందుకు జరపండి. ఈ చెక్కలను కర్మాగారంలో జిగురుతో అతికించరు. పిన్నుల తలల మీద నొక్కి కూర్చోబెడతారు కాబట్టి, కొద్ది ఓపికతో పగలకుండానే ఊడి వస్తాయి. ఊడిన చెక్కను తిప్పి చూడండి. పిన్ను తలలు కూర్చునే గుంటలు, చిమటా దూరే గాడి, చుట్టూ ఉన్న ఒంపు మొత్తం అక్కడ అచ్చుగా ఉంటాయి. కొత్త చెక్కకు అదే మీ నమూనా గనుక, అది పగిలినా ముక్కలను దాచుకోండి.

పనిముట్లను మలచడం

పిడి మీద ఏమీ లేని ఈ దశలోనే పనిముట్ల పని ముగించాలి. సాన పట్టేటప్పుడు చాకును పదే పదే నీళ్ళలో ముంచవలసి వస్తుంది. ఆ తడి కొత్తగా అతికించిన కొమ్ముకు సోకితే మళ్ళీ మొదటికి వస్తాం.

ఏ పనిముట్టును ఎంతవరకు మార్చవచ్చునో దాని గట్టిదనమే చెబుతుంది. తయారీదారు ప్రకటించిన లెక్క ప్రకారం బ్లేడ్ల గట్టిదనం రాక్‌వెల్ కొలమానంలో 56, రంపం, కత్తెరలది 53, స్క్రూడ్రైవర్లు, డబ్బా మూత తీసేవాటిది 52, కార్కు తీసే మరమేకుది, స్ప్రింగులది 49. అంటే మరమేకు మీద మంచి ఆకురాయి హాయిగా నడుస్తుంది. స్క్రూడ్రైవరు మీద కొంచెం కష్టపడుతుంది. బ్లేడు మీద జారుతుంది లేదా దాని పళ్ళే అరుగుతాయి. బ్లేడుకు వజ్రపు పొడి పూసిన ఆకురాయి గానీ, సానరాయి గానీ, తిరిగే సాన చక్రం గానీ కావాలి. చక్రం వాడేవారు బ్లేడును ఉత్త వేళ్ళతో పట్టుకొని, ఒక్కసారికి రెండు మూడు సెకన్ల కంటే ఆనించకుండా, వేలికి వెచ్చదనం తగిలీ తగలకముందే నీళ్ళలో ముంచాలి. ఉక్కు మీద నీలి రంగు తేలిందంటే ఆ చోట గట్టిదనం పోయినట్టే. తరువాత ఎంత సాన పట్టినా అక్కడ పదును నిలవదు. నా మొదటి చాకులో చిన్న బ్లేడు కొన ఇలాగే పోయింది, ఆనాడు చేతికి తొడుక్కున్న తోలు గ్లవ్సే నన్ను మోసం చేశాయి.

నాకు చిన్న బ్లేడుకు కొన అక్కరలేదు. ప్లాస్టిక్ తొడుగు గీసేటప్పుడు వాడి కొన లోపలి తీగకు గాటు పెడుతుంది. అందుకని బ్లేడు వీపును ముందు వైపు ఏటవాలుగా అరగదీసి, పదును గీత పైకి వంపు తిరగడానికి ముందే ముగిసేలా చేశాను. ఏటవాలు మొదలుపెట్టే చోటు గోటి గాడికి కనీసం మూడు నాలుగు మిల్లీమీటర్లు ముందు ఉండాలి. గాడి దాకా అరగదీస్తే చాకు తెరవడానికి గోటికి పట్టు దొరకదు. డబ్బా మూత తీసేదాని చివర ఉన్న 3 మిల్లీమీటర్ల స్క్రూడ్రైవరును రెండు అంచుల్లోనూ సమానంగా తీసి రెండున్నరకు తెచ్చాను, ఇప్పుడది కనెక్టరు స్క్రూలలోకి దూరుతుంది. ఇక కార్కు మరమేకు ఉంది. మా ఇళ్ళలో కార్కు బిరడా ఉన్న సీసా ఏడాదికొకటి కూడా తగలదు. దాన్ని మొదటి చుట్టు మిగిలేలా హాక్సా బ్లేడుతో కోసి, కొనను గుండ్రంగా రుద్దితే, పంపులో అరిగిపోయిన రబ్బరు వాషర్లను లాగే కొక్కెం తయారవుతుంది. కళ్ళజోడు స్క్రూలు తిప్పే బుల్లి స్క్రూడ్రైవరును ఆ మరమేకు చుట్లలోనే బిగించి ఉంచుకునేవారు మాత్రం దాన్ని కోయకూడదు.

ఏ పనిముట్టు విషయంలోనైనా ముట్టుకోకూడనిది దాని మొదలు, అంటే పిన్ను చుట్టూ తిరుగుతూ వీపు స్ప్రింగు మీద ఆనే భాగం. ఒకే స్ప్రింగు మీద రెండు వైపుల పనిముట్లూ నిలిచే ఈ ఏర్పాటు విక్టోరినాక్స్ స్థాపకుడు కార్ల్ ఎల్సెనర్ 1897లో నమోదు చేయించిన ఆఫీసరు చాకు నాటిది. మొదలును ఒక్క వెంట్రుక మందం అరగదీసినా బ్లేడు తెరిచినప్పుడు ఊగుతుంది, మూసినప్పుడు టక్కున పడదు. ఇంకొక మాట. కొమ్ము పిడి ఉంది కదా అని కరెంటు ఉన్న తీగ మీద చాకు పెట్టకండి. పిన్నులు, రేకులు, స్ప్రింగులు అన్నీ లోహమే, మీ వేళ్ళు వాటిని తాకుతూనే ఉంటాయి. మెయిన్ ఆపకుండా చేసే పనికి ఈ చాకు కాదు.

పిన్నులు విప్పి ఒక చాకులోని రంపాన్ని మరొక చాకులోకి మార్చుకోవాలన్న కోరిక కొందరికి కలుగుతుంది. అది చేయదగిన పనే గాని మొదటి చాకు మీద కాదు. పిన్ను తలను ఆకురాయితో పూర్తిగా తీసి, సన్నని పోటు ఉలితో తట్టి బయటికి నెట్టాలి. స్ప్రింగు బిగువులో ఉంటుంది కాబట్టి పిన్ను బయటికి వచ్చే కొద్దీ దాని వెనకే అదే లావున్న మేకును తోసి ఉంచకపోతే రేకులన్నీ ఒక్కసారి విడిపోతాయి. కొత్త పిన్నుకు ఇత్తడి కడ్డీ కావాలి. బుడితి ఇత్తడి పాత్రలకు పేరున్న ఊరు, ఇక్కడికి దూరమూ కాదు. కానీ పోత ఇత్తడి సుత్తి దెబ్బకు చిట్లవచ్చు గనుక మనకు కావలసింది లాగి తీసిన కడ్డీ. గ్యాసు వెల్డింగు చేసేవారి దగ్గర దొరికే ఇత్తడి పుల్ల సరిపోతుంది. లావు ఎక్కువైతే దాన్ని డ్రిల్లు మిషను మూతికి బిగించి, తిరుగుతుండగా ఎమరీ కాగితంతో పట్టుకొని, పాత పిన్నుతో వెర్నియర్ కాలిపర్స్ మీద సరిపోల్చుకుంటూ తగ్గించండి. రెండు వైపులా ఒక మిల్లీమీటరు మిగిల్చి, దాగలి మీద నిలిపి, బరువు లేని సుత్తితో చుట్టూ చిన్న చిన్న దెబ్బలతో తల పరచాలి. నాలుగు దెబ్బలకొకసారి ప్రతి పనిముట్టునూ తెరిచి మూసి చూడండి. బిగువు ఎక్కువైన తరువాత వదులు చేయడం చాలా కష్టం.

కొమ్ము పలకను ఎంచుకోవడం

కొమ్ము కొన గట్టిగా నిండుగా ఉంటుంది, మొదలు బోలుగా ఉంటుంది. పలకలు వచ్చేది బోలు భాగం నుంచి. దాన్ని నిలువునా కోసి, వేడి చేసి మెత్తబడ్డాక ఇనుప పలకల మధ్య ఒత్తితే చదునవుతుంది. చల్లారాక అది అలాగే నిలుస్తుంది గాని, పుట్టుకతో వచ్చిన వంపును పూర్తిగా మరిచిపోదు. తేమ తగిలితే మళ్ళీ ఆ వంపు వైపే లాగుతుంది. ఈ సంగతి తెలియక నేను ఆషాఢంలో తెచ్చిన పలకను మూడో రోజే అతికించాను. శ్రావణం వచ్చేసరికి రెండు చివరలూ రేకు నుంచి లేచి, ఆ సందులో అగ్గిపుల్ల దూరింది. ఆ చాకు పట్టుకెళ్ళి చూపిస్తే పలక ఇచ్చిన పెద్దాయన నవ్వి, "ఒత్తి వారం కాలేదు బాబూ దీన్ని, నెల్లాళ్ళు బరువు కింద పెట్టి మరి కోసుకోవాలి" అన్నాడు. ఆ మాట ముందే అడగవలసింది నేను.

కాబట్టి పలక ఎప్పుడు ఒత్తినదో అడిగి తీసుకోండి. సుమారు 100 మిల్లీమీటర్ల పొడవు, 30 వెడల్పు, నాలుగైదు మందం ఉన్న రెండు పలకలు కావాలి. ఒకే కొమ్ము నుంచి పక్కపక్కన కోసినవైతే చారలు కలుస్తాయి. గాజు పలక మీద పెట్టి నాలుగు మూలలూ వేలితో నొక్కితే ఎక్కడా ఊగకూడదు. గాలి ఆడే చోట రెండు చెక్కల మధ్య బరువు కింద నెల రోజులు ఉంచాక మళ్ళీ అదే పరీక్ష చేయండి. జింక, కణితి కొమ్ములను ఎవరైనా ఇస్తామన్నా తీసుకోకండి, అడవిలో రాలి పడినవని చెప్పినా సరే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం అవుతుంది.

కొమ్ము ఇష్టం లేనివారికి తాటి చేవ ఉంది. మిగతా చెట్లలో చేవ నడుమ ఉంటే తాటి మానులో గట్టి భాగం పైన ఉంటుంది, లోపలిది బెండు. పాత ఇల్లు విప్పినప్పుడు దొరికే తాటి దూలం ముక్కలో నల్లని గీతలు చాలా అందంగా వస్తాయి. అయితే ఆ గీతలు ఒక్కొక్కటీ ఒక పీచు, అడ్డంగా ఆకురాయి నడిపితే లేచి గోటి కింద దిగుతాయి. అతికించే ముందే దానికి పలుచని సూపర్ గ్లూ తాగించి ఆరబెట్టాలి.

లోపలి ముఖం

ఎమరీ కాగితాన్ని గాజు పలక మీద పరిచి, కొమ్ము పలకను దాని మీద ఎనిమిది అంకె ఆకారంలో రుద్దండి. ముందుగా లోపలి ముఖం అంతా పెన్సిలుతో గళ్ళు గీసుకుంటే ఎక్కడ ఇంకా పల్లం మిగిలిందో తెలుస్తుంది. గళ్ళన్నీ ఒకేసారి చెరిగిపోయేదాకా ఆపకండి. నల్ల కొమ్ము మీద పెన్సిలు కనిపించదు కాబట్టి సుద్దముక్క వాడండి. కొమ్ము ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు. ముక్కుకు మాస్కు కట్టుకొని, ఆరుబయట కూర్చొని, వీలైనంత వరకు తడి కాగితం మీద రుద్ది, పలకను వెంటనే తుడిచి ఆరబెట్టండి.

తరువాత పిన్ను తలల చోట్లు గుర్తించాలి. కొలిచి గీస్తే ఎంత జాగ్రత్తపడినా అర మిల్లీమీటరు తేడా వస్తుంది. దానికి నేను పాటించే ఉపాయం ఇది: కుంకుమను రెండు చుక్కల కొబ్బరినూనెతో ముద్దగా కలిపి, పుల్లతో ఒక్కొక్క పిన్ను తల మీద చుక్క పెట్టి, పలకను సరైన చోట నిలిపి ఒక్కసారి నొక్కి తీస్తాను. తెల్ల చారల కొమ్ము మీద ఎర్ర చుక్కలు స్పష్టంగా పడతాయి. నల్ల కొమ్ముకు కుంకుమకు బదులు విభూతి. చుక్క అలుక్కుపోతే తుడిచి మళ్ళీ నొక్కాలి గాని, ఊహించి డ్రిల్లు పెట్టకూడదు. ఎడమ, కుడి చెక్కలు ఒకదానికొకటి అద్దంలో బొమ్మలాంటివి కాబట్టి, ఏది ఏ వైపుదో బయటి ముఖం మీద రాసుకోండి. రెండూ ఎడమవే చేసి నాలుక కరుచుకున్నది నేనొక్కణ్ణే కాదని అనుకుంటాను.

ఇప్పుడు గుంటలు తీయాలి. పిన్ను తల వెడల్పును, రేకు మీద అది లేచిన ఎత్తును కాలిపర్స్‌తో కొలిచి, వెడల్పు కంటే కొద్దిగా పెద్దదైన డ్రిల్లు బిట్ తీసుకొని, ఎత్తుకు ఒక పావు మిల్లీమీటరు కలిపి, అంత పొడవు దగ్గర బిట్‌కు టేపు చుట్టండి. టేపు అంచు పలకను తాకగానే ఆపాలి. మామూలు బిట్ కొన మొనగా ఉంటుంది కాబట్టి నడుమ లోతుగా దిగుతుంది, పలుచని పలకలో ఆ మొన బయటి ముఖానికి చేరువవుతుంది. అందుకే పాత బిట్ ఒకదాని కొనను సాన మీద చదును చేసి గుంట అడుగు సరిచేయడానికి ఉంచుకుంటాను. మిషను వేగం తక్కువగా ఉండాలి. వేగం పెరిగితే కొమ్ము కాలి, గుంట అంచు మెత్తబడి ఉబ్బుతుంది. తీసిన ప్రతిసారీ పలకను చాకు మీద పెట్టి, ఎదురుగా దీపం ఉంచి, సందులోంచి వెలుతురు వస్తున్నదేమో చూడండి. వెలుతురు కనిపించే చోట నొక్కి, జిగురే నింపుతుందిలే అని సరిపెట్టుకున్నారంటే, మీ చెక్క కూడా శ్రావణంలో లేస్తుంది.

చిమటాకు, పళ్ళ పుల్లకు గాళ్ళు కావాలనుకుంటే పాత చెక్కలోని గాడిని చూసి గీసుకొని, విరిగిన హాక్సా బ్లేడు ముక్కను గోకుడు పనిముట్టుగా చేసుకొని, కొద్దికొద్దిగా లోతు చేయండి. చిమటా బిగువుగా దూరాలి. వదులైతే మొదటి రోజే ఎక్కడో పడిపోతుంది.

అతికించడం, బయటి ఆకారం

పాత చెక్క చుట్టూ గీసి, గీతకు ఒక మిల్లీమీటరు బయటగా సన్న రంపంతో కోయండి. రేకును, పలక లోపలి ముఖాన్ని గరుకు కాగితంతో గీతలు పడేలా రుద్ది, స్పిరిట్‌తో తుడిచి, ఆ తరువాత వేలు తగలనివ్వకండి. జిగురుకు రెండు ట్యూబులు కలిపే నెమ్మది రకం అరాల్డైట్ మంచిది. ఐదు నిమిషాల్లో గట్టిపడే రకం పలకను సరిచేసుకునే వ్యవధి ఇవ్వదు. పలుచగా పూయండి. చిమటా గాడిలోకి జిగురు కారకుండా గాడి పొడవునా మైనం పూసిన ఈనెపుల్ల ఉంచి, అతికించిన గంటకు లాగేయండి. చాకు అంచుల వెంట, పనిముట్ల సందుల్లో జిగురు దిగకుండా ముందే టేపు వేయాలి. రెండు మెత్తని చెక్కల మధ్య పెట్టి బిగించి, 24 గంటలు దానివైపు చూడకండి. బిగింపు కూడా మితంగానే ఉండాలి, అతిగా నొక్కితే జిగురంతా బయటికి పోయి లోపల పొడిగా మిగులుతుంది.

ఆ తరువాత మిగిలిన ఒక మిల్లీమీటరును ఆకురాయితో రేకు దాకా తీయాలి. ఆకురాయిని ఎప్పుడూ కొమ్ము నుంచి రేకు వైపు నెట్టండి, వెనక్కి లాగితే అంచు లేస్తుంది. రేకు అల్యూమినియం కాబట్టి ఆకురాయి దాన్ని తాకగానే చప్పుడు మారుతుంది, అక్కడ ఆపి కాగితానికి మారండి. మందం మూడు, మూడున్నర మిల్లీమీటర్లు మిగిలితే చేతికి బాగుంటుంది. గోటి గాడి దగ్గర అంచును కొంచెం వాలుగా తీస్తే బొటనవేలికి దారి దొరుకుతుంది.

మెరుగు పెట్టడం తేలికైన పని. పగిలిన గాజు అంచుతో గీకి, 220, 400, 600, 1000 నంబర్ల ఎమరీ కాగితాలను వరసగా వాడి, బ్రాసో వేసిన గుడ్డతో రుద్దితే సరిపోతుంది. ఒక నంబరు గీతలు పూర్తిగా పోకుండా తరువాతి నంబరుకు వెళ్ళకండి. చివర ఒక చుక్క కొబ్బరినూనె రాసి తుడవండి.

ఇక మిగిలింది కీళ్ళు. రుద్దిన ధూళి టేపు దాటి లోపలికి వెళ్ళకుండా ఉండదు. పనిముట్లన్నీ తెరిచి, పాత పళ్ళ బ్రష్షుతో దులిపి, ప్రతి కీలు దగ్గర కుట్టుమిషను నూనె ఒక చుక్క వేసి పదిసార్లు తెరిచి మూయండి. నల్లగా బయటికి వచ్చేది తుడిచి, మళ్ళీ ఒక చుక్క వేయండి. మొదటి వానాకాలం అంతా వారానికొకసారి చెక్క అంచు వెంట గోరు నడిపి చూస్తూ ఉండండి. ఎక్కడైనా గోరు తట్టుకుంటే, సందు పెరగకముందే పలుచని సూపర్ గ్లూ ఒక చుక్క పీల్చుకోనిచ్చి, బట్టల క్లిప్పుతో రాత్రంతా పట్టి ఉంచండి.